ఆవకాయ కొలతలు: సోలల లెక్కను గ్రాముల్లోకి మార్చడం ఎలా?

రవికిరణ్_డాలస్ (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మమ్మగారు ఇంటి ఖర్చులు రాసుకునే పాత పుస్తకంలో ఒక పుటలో ఆవకాయ పాళ్ళు ఉన్నాయి. మా పిన్నిగారు దానిని వెతికి, ఫోటో తీసి పంపారు. అక్కడ ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాను: “ముక్కలు ఆరు సోలలు. కారం సోల. ఆవపిండి సోల. దంచిన రాళ్ళ ఉప్పు ముప్పావు సోల. మెంతులు అరగిద్దెడు. పప్పునూనె రెండు సోలలు.” అంతకుమించి ఒక్క మాట కూడా లేదు. పప్పునూనె అంటే నువ్వుల నూనె.

ఆ సోల, అంటే పాతకాలపు కొలత పాత్ర, అమలాపురంలో పిన్నిగారి ఇంట్లో ఉంది. నా దగ్గర ఉన్నవి గ్రాముల్లో చూపించే ఒక చిన్న ఎలక్ట్రానిక్ కాటా, 240 మి.లీ. అని ముద్రించిన కొలత కప్పుల సెట్టు. పచ్చి మామిడికాయలు ఇక్కడి మన దుకాణాలకు రాగానే ఆవకాయ పెట్టాలని అనుకుంటున్నాను కనుక, కాయలు కొనకముందే మూడు సందేహాలు తీర్చుకోవాలి. సోల అంటే ఇన్ని మిల్లీలీటర్లు అని అందరూ ఒప్పుకున్న లెక్క ఏదైనా ఉందా? అంతర్జాలంలో దొరికిన ఒక పట్టికలో కప్పు అంటే 240 గ్రాములు అని ఉంది; దానిని అన్ని సరుకులకూ వాడవచ్చా? కారం, ఆవపిండి సమపాళ్ళు కనుక ఆ రెండింటినీ ఒకే బరువులో తీసుకుని, ఉప్పును ఆ బరువులో ముప్పావు వంతు తూచుకుంటే సరిపోతుందా?

సత్యవతి_కాకినాడ

రవికిరణ్ గారూ, మీ మూడో ప్రశ్నకు ముందు జవాబు చెప్పాలి, ఎందుకంటే పచ్చడి ఏడాది నిలుస్తుందా, నెలకే పాడవుతుందా అన్నది అక్కడే తేలిపోతుంది. దయచేసి అలా తూచకండి. మన పెద్దవాళ్ళు ఆవకాయ విషయంలో “సమపాళ్ళు” అన్నారంటే అది పాత్రతో కొలిచిన లెక్కే తప్ప త్రాసులో పెట్టిన లెక్క కాదు. ఒకే పాత్రతో కారాన్ని, ఉప్పును విడివిడిగా కొలిచి తూచి చూస్తే, ఉప్పు కారానికి రెట్టింపు కంటే ఎక్కువ తూగుతుంది.

నా దగ్గర ఉన్న 250 మి.లీ. కప్పుతో తూచిన లెక్కలు ఇవి. కారం 120 గ్రాముల చుట్టూ వస్తుంది. ఆవపిండి అంతకంటే కొంచెం తేలిక, 110 నుండి 115 వరకు ఉంటుంది. రాళ్ళ ఉప్పు దంచినది 270 నుండి 280 వరకు, ప్యాకెట్లలో దొరికే మెత్తటి ఉప్పు అయితే 300 దాకా తూగుతుంది. మీరు చెప్పిన పద్ధతిలో 120 గ్రాముల కారానికి ముప్పావు వంతు అంటే 90 గ్రాముల ఉప్పు పడుతుంది. మీ అమ్మమ్మగారు ముప్పావు కప్పు ఉప్పు పోసి ఉంటే పడేది 200 గ్రాముల పైమాట. సగానికి సగం ఉప్పు తక్కువైన ఆవకాయలో ముక్క మెత్తబడుతుంది, పైన బూజు కడుతుంది. ఎంత మంచి నూనె పోసినా ఆ లోటు తీరదు.

మాస్టారు_రాజమండ్రి

సత్యవతి గారు చెప్పినది అక్షరాలా నిజం. నేను కళాశాలలో భౌతికశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకున్నవాడిని కనుక దానికి కారణం వివరిస్తాను. రెండో ప్రశ్నకు జవాబు కూడా అందులోనే ఉంది.

కప్పు అంటే 240 గ్రాములు అన్న లెక్క నీటికి మాత్రమే చెల్లుతుంది, ఎందుకంటే ఒక మిల్లీలీటరు నీరు దాదాపు ఒక గ్రాము తూగుతుంది. మిగిలిన ప్రతి సరుకుకూ తన సొంత లెక్క ఉంటుంది. 240 మి.లీ. కప్పులో నూనె 220 గ్రాములు, పంచదార 200 గ్రాములు, బొంబాయి రవ్వ 165 నుండి 170 గ్రాములు, మైదా 120 నుండి 125 గ్రాములు, తేనె 340 గ్రాములు ఉజ్జాయింపుగా తూగుతాయి. మైదాకూ తేనెకూ మధ్య దాదాపు మూడు రెట్ల తేడా ఉందని గమనించండి. వీటన్నిటికీ ఒకే అంకెను వాడే పట్టికను పక్కన పెట్టేయడమే మంచిది.

నూనె వంటి ద్రవాలలో ఖాళీలు ఉండవు కనుక వాటి లెక్క స్థిరంగా ఉంటుంది. పొడులు, గింజల విషయంలో మనం కొలిచేది సరుకును మాత్రమే కాదు, వాటి సందుల్లో ఉన్న గాలిని కూడా కలిపి కొలుస్తాము. ఉప్పు గట్టి స్ఫటికం; దాని రేణువులు ఒకదాని పక్కన ఒకటి జారి సర్దుకుంటాయి. కారం అలా కాదు. ఎండుమిరపకాయ తొక్క నలిగి పలుచటి పొరలుగా మారుతుంది, ఆ పొరలు ఒకదానికొకటి అడ్డుపడి మధ్యలో చాలా గాలిని పట్టి ఉంచుతాయి. ఆవపిండిలో నూనె ఉంటుంది కనుక రేణువులు అంటుకుని గుల్లగా నిలుస్తాయి.

ఇప్పుడు మీరు అనుకున్న రెండు మార్గాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. పట్టిక ప్రకారం అన్నిటికీ 240 గ్రాములు వేస్తే కారం, ఆవపిండి రెట్టింపు పడతాయి, ఉప్పు మాత్రం కొద్దిపాటి తేడాతో సరిగ్గానే వస్తుంది. సమపాళ్ళను సమాన బరువులుగా తీసుకుంటే కారం సరిగ్గా ఉండి ఉప్పు సగానికి పడిపోతుంది. దేనితో లెక్క మొదలుపెట్టారన్న దానిని బట్టి తప్పు ఎటు వైపు వస్తుందో మారుతుంది. అందువల్ల ఒక్కొక్క సరుకునూ విడిగా, దాని సొంత అంకెతో మార్చుకోవాలి.

సుజాత_కరీంనగర్

మొదటి ప్రశ్నకు నేను చెబుతాను. సోల, గిద్దె వంటి కొలతల మధ్య ఉన్న బంధుత్వం దాదాపు అన్ని ఊళ్ళలోనూ ఒకటే: నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం. అయితే అసలు మానిక ఎంత పెద్దది అన్నది ఊరిని బట్టి, కొన్ని చోట్ల ఇంటిని బట్టి కూడా మారేది. మా వైపు సేరును కూడా కొలత పాత్రగానే వాడేవారు. అందుకే సోల అంటే 250 మి.లీ. అనో 350 మి.లీ. అనో ఎవరు చెప్పినా అది వారి ఇంట్లోని సోలకు చెల్లుతుంది తప్ప మీ అమ్మమ్మగారి సోలకు చెల్లాలని లేదు.

దీనికి తేలికైన పరిష్కారం ఉంది. మీ పిన్నిగారిని ఖాళీ సోలను కాటా మీద పెట్టి, అంకెను సున్నాకు తెచ్చి, అంచు దాకా నీరు నింపి తూచమనండి. ఎన్ని గ్రాములు చూపిస్తే ఆ సోల అన్ని మిల్లీలీటర్లు. సొట్టలు పడిన ఇత్తడి సోలకైనా ఈ పద్ధతి సరిగ్గా పనికివస్తుంది.

పాత పుస్తకాలు చూసేవారికి ఇంకొక మాట. తూకానికి సంబంధించిన పేర్లు కనిపిస్తే జాగ్రత్తగా చదవాలి. కోస్తా జిల్లాల లెక్కలో మూడు తులాలు ఒక పలం, ఎనిమిది పలాలు ఒక సేరు, ఐదు సేర్లు ఒక వీశె. తులం 11.66 గ్రాములు కనుక పలం 35 గ్రాములు, సేరు 280 గ్రాములు, వీశె 1,400 గ్రాములు అవుతాయి. 80 తులాల పక్కా సేరు అయితే 933 గ్రాములు. అంటే “సేరు” అని ఉన్న చోట అది కొలత సేరా, తూకపు సేరా, తూకమైతే 24 తులాలదా, 80 తులాలదా అని తేల్చుకోకుండా ముందుకు వెళ్ళకూడదు. బంగారం కొట్లో ఇప్పుడు తులం అంటే 10 గ్రాములని వాడుతున్నారు. ఆ అంకెను పాత వంట లెక్కలకు వాడితే ఏడో వంతు దాకా తగ్గిపోతుంది. 1956 నాటి తూనికలు కొలతల చట్టం వచ్చి, 1958 నుండి దశలవారీగా మెట్రిక్ పద్ధతి అమలైన తరువాత కూడా వంటింట్లో సోల, గిద్దె చాలాకాలం నిలిచాయి కనుక, పుస్తకం తరువాతి కాలానిదైనా ఈ జాగ్రత్త అవసరమే.

వాణి_తెనాలి

సుజాత గారు చెప్పిన నీటి పద్ధతితో పాత్ర పరిమాణం తెలుస్తుంది. అయితే కారాన్ని ఆ పాత్రలో ఎలా నింపారన్నది కూడా తెలియాలి. మరలో అప్పుడే ఆడించి తెచ్చిన కారం పొంగినట్టుగా ఉంటుంది. అదే కారం డబ్బాలో నెల రోజులు ఉంటే అణిగిపోతుంది. సోలను నేల మీద రెండుసార్లు తడితే అందులోని కారం మట్టం దిగిపోయి, పైన ఇంకొక గుప్పెడు పడుతుంది. ఆ తేడా పదో వంతు దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కూడా ఉంటుంది. అందువల్ల పిన్నిగారిని ఒక్కటి అడగండి: అమ్మమ్మగారు సోలను కారంలో ముంచి తీసేవారా, చేత్తో వదులుగా పోసేవారా, గోపురంగా నింపేవారా, పైన అరచేత్తో తోసి అంచుకు సమం చేసేవారా? చూసినవారు చెబితేనే తెలిసే సంగతి ఇది.

మా ఇంట్లో కారం, ఆవపిండి వదులుగా పోసి అంచుకు సమం చేస్తారు. ఉప్పును మాత్రం కొద్దిగా తగ్గించి కొలుస్తారు, ఎందుకంటే తక్కువైతే తరువాత కలపవచ్చు, ఎక్కువైతే తీయలేము.

శ్రీధర్_పచ్చళ్ళు

మాది పచ్చళ్ళు తయారుచేసి అమ్మే ఇల్లు. ఇంటి కొలతలను పెద్ద ఎత్తున తూకాల్లోకి మార్చుకోవడమే మా పనిలో మొదటి మెట్టు కనుక, ఇంతవరకు ఎవరూ ప్రస్తావించని కొన్ని విషయాలు చెబుతాను.

మొదటిది ఆవాలు. పుస్తకంలో “ఆవపిండి సోల” అని ఉంది కనుక కొలవవలసినది పిండినే. చాలామంది సోలెడు ఆవాలు కొలిచి, వాటిని ఎండబెట్టి పిండి కొట్టి, మొత్తం కలిపేస్తారు. గింజగా ఉన్నప్పుడు ఆవాలు చక్కగా సర్దుకుంటాయి కనుక సోలెడు ఆవాలు కొడితే సోలన్నరకు పైగా పిండి వస్తుంది. అంత ఆవపిండి వేస్తే పచ్చడిలో ఘాటుతో పాటు చేదు కూడా తెలుస్తుంది. తూకంలో ఈ చిక్కు లేదు: 150 గ్రాముల ఆవాలు కొడితే, జల్లెడలో పోయే కొద్దిపాటి పొట్టు తప్ప, 150 గ్రాముల పిండే వస్తుంది. ఎండుమిరపకాయలు కొని ఆడించుకునేవారికీ ఇదే వర్తిస్తుంది, కాకపోతే తొడిమలు తీసిన తరువాత తూచాలి.

రెండోది ఉప్పులోని చెమ్మ. రాళ్ళ ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది. వాన ముసురులో తెరిచి ఉంచిన ఉప్పును తూస్తే అందులో కొంత బరువు నీటిదే. ఎండలో పరిచి, చేతికి గలగలమని తగిలేలా ఆరిన తరువాత దంచి, అప్పుడు తూచాలి. చెమ్మ ఉన్న ఉప్పు తూకంలో మోసం చేయడమే కాక పచ్చడిలోకి నీటిని కూడా తెస్తుంది.

మూడోది మీరు అమెరికాలో ఉన్నారు కనుక తప్పక చెప్పవలసినది. అక్కడ కోషర్ ఉప్పు అని పలుకులుగా ఉండే ఉప్పు అమ్ముతారు. చూడటానికి మన రాళ్ళ ఉప్పు దంచినట్టే ఉంటుంది కనుక అది సరైన బదులు అనిపిస్తుంది. తయారీని బట్టి ఒక రకం కప్పుకు 140 గ్రాముల లోపు తూగితే, ఇంకొక రకం 240 గ్రాముల దాకా తూగుతుంది. సోల లెక్కను కప్పు లెక్కగా మార్చి ఆ తేలిక రకం ఉప్పు వాడితే మళ్ళీ సగం ఉప్పే పడుతుంది. గ్రాముల్లో తూచితే మాత్రం ఏ ఉప్పు అయినా ఒకటే.

అనూష_మెల్‌బోర్న్

శ్రీధర్ గారు అమెరికా ఉప్పు గురించి చెప్పారు కనుక చెంచాలు, కప్పుల గురించి నేను చెబుతాను. అమెరికా కప్పు సుమారు 237 మి.లీ., పోషక విలువల పట్టీల కోసం వాడేది 240 మి.లీ. మా ఆస్ట్రేలియా కప్పు 250 మి.లీ. టేబుల్ స్పూను చాలా దేశాల్లో 15 మి.లీ. అయితే ఇక్కడ 20 మి.లీ. టీ స్పూను మాత్రం అన్ని చోట్లా 5 మి.లీ. ఉంటుంది. ఇక్కడ ఉన్న మన వాళ్ళు హైదరాబాదు వంటల వీడియో చూసి మూడు టేబుల్ స్పూన్ల ఉప్పు వేస్తే నిజానికి నాలుగు వేసినట్టు అవుతుంది.

రైస్ కుక్కరుతో వచ్చే చిన్న కప్పు ఇంకొకటి ఉంది. అది 180 మి.లీ., అందులో బియ్యం 150 గ్రాముల చుట్టూ పడతాయి. చాలా ఇళ్ళలో అదే అందరికీ అందుబాటులో ఉండే “కప్పు” కనుక, ఎవరైనా కప్పు లెక్క చెప్పినప్పుడు ఏ కప్పో అడగడం మంచిది.

రవికిరణ్_డాలస్

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి పిన్నిగారితో వీడియోలో మాట్లాడుతూ, మీరు చెప్పినవన్నీ ఒకటొకటిగా చేయించాను. ఆమె పక్కింటి వారి కాటా తెచ్చుకున్నారు. ముందుగా విప్పని కిలో ఉప్పు ప్యాకెట్టును దాని మీద పెట్టి చూశాము; 1,004 గ్రాములు చూపించింది. కవరు బరువు కూడా అందులో ఉంటుంది కనుక కాటా నమ్మదగినదే అనుకున్నాము.

అంచు దాకా నీరు పోస్తే సోల 330 గ్రాములు తూగింది. తరువాత తుడిచి ఆరబెట్టి, అమ్మమ్మగారు కొలిచిన తీరులోనే నింపారు. ఆవిడ కారాన్ని చేత్తో సోలలోకి వదులుగా రాల్చి, పైన అరచేతి అంచుతో తోసివేసేవారట. పిన్నిగారు చిన్నతనం నుండి పక్కన కూర్చుని చూసిన పని కనుక అందులో సందేహం లేదు. అలా నింపితే కారం 158 గ్రాములు, ఆవపిండి 148 గ్రాములు, దంచిన రాళ్ళ ఉప్పు నిండు సోలకు 362 గ్రాములు వచ్చాయి. ఉప్పు ముప్పావు సోల కనుక 272 గ్రాములు అవుతుంది. నిండు సోలెడు మెంతులు 244 గ్రాములు తూగాయి. అరగిద్దె అంటే సోలలో ఎనిమిదో వంతు కనుక మెంతులు 30 గ్రాములు.

ముక్కల దగ్గర మాత్రం లెక్క కుదరడం లేదు. ఒకసారి సోలతో ఆరు కొలతలు తూస్తే 1,080 గ్రాములు వచ్చింది, అవే ముక్కలను కదిపి మళ్ళీ కొలిస్తే 1,200 దాటింది. ఏది తీసుకోవాలి?

శ్రీధర్_పచ్చళ్ళు

టెంకతో కొట్టిన పెద్ద ముక్కలను సోల వంటి చిన్న పాత్రతో కొలిస్తే అలాగే అవుతుంది. ముక్క పెద్దదిగా, పాత్ర చిన్నదిగా ఉన్నప్పుడు గోడల వెంట ఖాళీలు ఎక్కువ. ఒక్క ముక్క అడ్డం తిరిగితే రెండు ముక్కల చోటు పోతుంది. పాత రోజుల్లో ముక్కలను పెద్ద పాత్రతో కొలిచి, సోల లెక్కలో రాసుకున్న ఇళ్ళు కూడా ఉన్నాయి. పిన్నిగారిని రెండు లీటర్ల గిన్నె ఏదైనా తీసుకోమనండి. ఆరు సోలలు అంటే 1,980 మి.లీ. అంత నీరు తూచి గిన్నెలో పోసి, మట్టం దగ్గర గుర్తు పెట్టి, నీరు పారబోసి, తుడిచి, ఆ గుర్తు దాకా ముక్కలు నింపి తూస్తే స్థిరమైన అంకె వస్తుంది.

ఇంకొక మాట: తూచే ముక్కలు జీడి (టెంక లోపలి గింజ), లోపలి పొర తీసి, తడి లేకుండా తుడిచి ఆరబెట్టినవై ఉండాలి. కాయ బరువును బట్టి లెక్క వేయకండి. కాయ రకాన్ని బట్టి జీడికి, తొడిమకు పోయే బరువు మారుతూ ఉంటుంది.

ప్రసాద్_విజయనగరం

ఇంత లెక్క అవసరమా అన్నది నా సందేహం. మా అమ్మగారు ఏ కాటా లేకుండా, చేతి ఉజ్జాయింపుతో ప్రతి ఏడూ ఆవకాయ పెడతారు, ఎన్నడూ పాడవలేదు. మూడో రోజున తిరగకలిపి, రుచి చూసి ఉప్పు సరిచేసుకునే పద్ధతి ఉండనే ఉంది కదా.

సత్యవతి_కాకినాడ

ప్రసాద్ గారూ, మీ అమ్మగారి చేతికి ఆ ఇంటి గిన్నె, ఆ ఊరి ఉప్పు, ప్రతి ఏడూ ఒకే కొట్టు నుండి వచ్చే కారం అలవాటై ఉంటాయి కనుక ఉజ్జాయింపు సరిపోతుంది. రవికిరణ్ గారికి గిన్నె వేరు, ఉప్పు వేరు, కారం వేరు. చేయడం కూడా మొదటిసారి. ఆయనకు తూకమే దారి.

మూడో రోజు రుచి చూడటం గురించి మీరు చెప్పినది సరైనదే, అయితే దానికి ఒక హద్దు ఉంది. ఆ రోజుకు ముక్కలోకి ఉప్పు పూర్తిగా దిగి ఉండదు. ఊటలోనే ఎక్కువగా ఉంటుంది. ఊట రుచి చూస్తే కాస్త ఉప్పగానే అనిపించాలి. అప్పుడే సరిపోయినట్టు ఉంటే, ముక్క తన వంతు తీసుకున్న తరువాత చప్పబడుతుంది. రెండు మూడు చెంచాల లోటును రుచితో పట్టుకుని సరిచేయవచ్చు. సగం ఉప్పు తక్కువ పడిన పచ్చడిని మూడో రోజు దాకా ఆగి బాగుచేయాలని చూస్తే, అప్పటికే ముక్క మెత్తబడటం మొదలై ఉంటుంది.

మాస్టారు_రాజమండ్రి

రవికిరణ్ గారూ, ముక్కల లెక్క తేలేలోగా నూనె సంగతి చూద్దాం. రెండు సోలలు అంటే 660 మి.లీ. పప్పునూనె మిల్లీలీటరుకు 0.92 గ్రాముల చుట్టూ తూగుతుంది కనుక సుమారు 605 గ్రాములు అవుతుంది. నూనెను కొలిచినా తూచినా ఫలితం ఒకటే వస్తుంది, కానీ అంకెలను కలపకూడదు: 660 అన్న అంకెను గ్రాములుగా తూస్తే 55 గ్రాములు ఎక్కువ పడుతుంది. ఆవకాయలో అది పెద్ద నష్టమేమీ కాదు.

భారతదేశంలో నూనె ప్యాకెట్ల మీద లీటరు, దాని పక్కన 910 గ్రాములు అని చూసే ఉంటారు. నూనె వేడికి వ్యాకోచిస్తుంది. 60 డిగ్రీల వద్ద లీటరు నూనె 890 గ్రాముల చుట్టూ మాత్రమే తూగుతుంది. కొందరు తయారీదారులు ఆ ఉష్ణోగ్రత పేరు చెప్పి ప్యాకెట్లు నింపుతున్నందున, ఉష్ణోగ్రత ప్రస్తావన లేకుండా పరిమాణంతో పాటు బరువును కూడా ముద్రించాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల విభాగం 2022లో ఆదేశించింది. ఇప్పుడు 910 గ్రాములకు తక్కువ ఉండే ప్యాకెట్లు కూడా లీటరు ప్యాకెట్ల పక్కనే దొరుకుతాయి. ఒక ప్యాకెట్టు అంటే లీటరు అని అనుకుని పోసేవారు దాని మీది అంకెను చదివి పోయడం అవసరం.

రవికిరణ్_డాలస్

శ్రీధర్ గారి పద్ధతిలో పెద్ద గిన్నెలో గుర్తు పెట్టి నింపితే ముక్కలు 1,200 గ్రాములు వచ్చాయి. ముక్కలను తిప్పి మళ్ళీ నింపినా పది ఇరవై గ్రాముల తేడాయే కనిపించింది. దానిని ఆధారంగా తీసుకుని, కిలో ముక్కలకు ఎంత పడుతుందో లెక్క వేశాను. కారం 130 గ్రాములు, ఆవపిండి 125, ఉప్పు 225, మెంతులు 25, పప్పునూనె 500 గ్రాములు. అన్నీ కలిపితే రెండు కిలోలకు అటూ ఇటూగా పచ్చడి అవుతుంది, అందులో ఉప్పు 11 శాతం పైచిలుకు. నేను మొదట అనుకున్నట్టు కారం బరువులో ముప్పావు వంతు తీసుకుని ఉంటే ఉప్పు 100 గ్రాముల లోపే, అంటే 5 శాతం చుట్టూ ఉండేది. ఈ అంకెల్లో ఎక్కడైనా లోపం కనిపిస్తే చెప్పండి.

సత్యవతి_కాకినాడ

అంకెలన్నీ కుదిరాయి. గోదావరి జిల్లాల పాత పాళ్ళకు ఇవి దగ్గరగానే ఉన్నాయి. మీరు కొనే మామిడికాయ బాగా పుల్లనిది కాకపోతే ఉప్పును 210కి తగ్గించి మొదలుపెట్టి, మిగిలిన 15 గ్రాములను ఒక చిన్న గిన్నెలో విడిగా ఉంచుకోండి; మూడో రోజు ఊట రుచి చూసి అవసరమైతే కలపవచ్చు.

వాణి_తెనాలి

ఒక చిన్న మాట. చాలా చిన్న కాటాలు ఐదు పది గ్రాముల లోపు బరువును సరిగ్గా పట్టుకోవు. కొద్దికొద్దిగా పోస్తూ ఉంటే అంకె కదలకుండా ఆగిపోయి, తరువాత ఒక్కసారిగా దూకుతుంది. మెంతుల వంటి వాటిని ఖాళీ కాటా మీద చిటికెలతో పోయకుండా, ముందే ఒక గిన్నెలో తీసుకుని ఒకేసారి పెట్టి తూచండి. పసుపు వేసే అలవాటు ఉంటే దానికి టీ స్పూను చాలు.

సుజాత_కరీంనగర్

మా వైపు ఆవకాయలో వెల్లుల్లి వేస్తారు, దానిని పాయల్లో లెక్కపెడతారు. అక్కడ దొరికే పాయ మన నాటు పాయకు రెండు మూడింతలు ఉండవచ్చు కనుక, మీరు వెల్లుల్లి కూడా వేయాలనుకుంటే పాయల సంఖ్య చూసుకోకుండా ఒలిచిన రెబ్బలను తూచండి. కిలో ముక్కలకు 100 గ్రాముల రెబ్బలు మా ఇంటి పాళ్ళు. వెల్లుల్లిలోనూ నీరు ఉంటుంది కనుక, రెబ్బలను ఒలిచి నీడలో ఒక పూట ఆరబెట్టి, ఆ తరువాతే తూచి కలపండి. ఆ 100 గ్రాములకు ఉప్పు కూడా 20 గ్రాములు పెంచుకోవాలి.

రవికిరణ్_డాలస్

సుజాత గారూ, సగం పచ్చడిలో వెల్లుల్లి వేసి, సగం అమ్మమ్మగారి పాళ్ళలోనే ఉంచుతాను. రెండు జాడీలకూ ఉప్పు విడివిడిగా తూచి పెట్టుకుంటాను. కాయలు శుక్రవారం వస్తాయని దుకాణం వారు చెప్పారు.